సూది చూసిన మెట్ల సినిమా

ఊరంతా చూసిన సినిమాల గురించి మాట్లాడటానికి ఊరంతా ఉంది. ఎవరూ చూడని సినిమాల గురించి మాట్లాడటానికి మాత్రం ఆ వీధిలో ఇద్దరే ఇద్దరు ఉండేవాళ్ళు: బన్ను, సూది. బన్ను జీవితమంతా బేకరీ బట్టీ ముందు చెమటోడ్చి, ఈమధ్యే ఇంటిపట్టున ఉంటున్నవాడు. మనిషి కూడా గుండ్రంగా, మెత్తగా, నడినెత్తిన కాస్త నిగనిగలాడుతూ ఉంటాడు కాబట్టి ఆ పేరు పెట్టినవాళ్ళను తప్పుపట్టలేం. సూది రఫ్ఫు పనివాడు. సిగరెట్టు నిప్పు పడ్డ కోటైనా, ఎలుక కొరికిన శాలువైనా తెచ్చిస్తే, ఆ బట్ట అంచులోంచే పోగులు లాగి, చిల్లు మీద మళ్ళీ బట్ట నేసేసేవాడు. పని చేస్తున్నంతసేపూ బట్టను ముక్కుకి ఆనించుకునే ఉండేవాడు, వాసన చూస్తున్నాడేమో అని కొత్తవాళ్ళు కంగారుపడేవాళ్ళు. తిరిగి ఇచ్చాక చిల్లు ఎక్కడుండేదో సొంతదారు కూడా చెప్పలేకపోయేవాడు. చేతిలో అంత పనితనం ఉన్నవాడికి కాస్తయినా గర్వం ఉండాలి. వీడికి ఆ పని మీద రవ్వంత గర్వం లేదు. ఉన్న గర్వమంతా తను చూసిన సినిమాల మీదే.

చూసిన సినిమాలు అనకూడదు నిజానికి, చూసిన సగాలు అనాలి. ఇద్దరూ పనిలో చేరిన కొత్తల్లో, ఇంకా మీసాలు రాని వయసులో, సినిమాకు ఒకటే టికెట్టు కొనేవాళ్ళు. దానికి పిసినారితనం ఒక్కటే కారణం కాదు. మ్యాట్నీ మొదలయ్యే వేళకు బన్నుకు తీరిక, సూదికి గురువుగారి ముందు తలొంచుకుని పోగులు లాగే పని. ఇంటర్వెల్ వేళకు బన్ను సాయంత్రపు పిండి కలపడానికి పరుగెత్తాలి, సరిగ్గా అప్పుడే సూదికి సెలవు దొరికేది. హాలు గేటు దగ్గర బన్ను చేతిలోని చిరిగిన టికెట్టు ముక్క సూది చేతిలోకి మారేది.

గేటు దగ్గరుండే పెద్దాయన చూసీ చూడనట్టు పక్కకు తిరిగేవాడు. ఆయన దయకు ఒకటే షరతు, హాలు ఖాళీగా ఉండాలి. జనం విరగబడి చూసే సినిమాకు వెళ్తే ఇద్దర్నీ చెవులు పట్టుకుని బయటికి నెట్టేవాడు. దాంతో వాళ్ళ సినిమా చదువంతా ఫ్లాపుల్లోనే సాగింది. వారం తిరక్కుండా ఎత్తేసినవి, పోస్టరు జిగురు ఆరకముందే ప్రాణం వదిలినవి, తీసినవాళ్ళు కూడా మేమే తీశామని చెప్పుకోనివి. అవి ఎలా మొదలవుతాయో బన్నుకు తెలుసు, ఎలా అయిపోతాయో సూదికి తెలుసు. మర్నాడు ఒకడి సగానికి ఇంకొకడి సగం అతికించుకునేవాళ్ళు.

ఆ అతుకులు ముసలితనం వచ్చినా సరిగ్గా కుదరలేదు. సాయంత్రమైతే సూది కొట్టు ముందున్న బల్ల మీద కూర్చుని దాని గురించే కొట్టుకునేవాళ్ళు.

"సింహం ఏమైందిరా?" అని మొదలుపెట్టేవాడు బన్ను.

"ఏ సింహం?" అనేవాడు సూది.

"మళ్ళీ అదే మాట! ఇంటర్వెల్ ముందు సర్కస్ బోనులోంచి సింహం తప్పించుకుపోయింది. హీరోయిన్ కెవ్వుమంది. హాల్లో లైట్లు వెలిగాయి. ఆ తర్వాత?"

"ఆ తర్వాత పెళ్ళి. దాని తర్వాత కోర్టు. మళ్ళీ పెళ్ళి. నా సగంలో సింహమూ లేదు, గింహమూ లేదు."

"అంటే ఇంకా దొరకలేదంటావా?"

"ఎక్కడో తిరుగుతూనే ఉండి ఉంటుంది. తలుపు గడియ గట్టిగా పెట్టుకో."

"సరే, అది వదిలెయ్. ఆ విలన్‌కి గడ్డం ఎక్కడిదిరా? నా సగంలో నున్నగా గుడ్డులా ఉన్నాడు వాడు."

"నా సగంలో ఇంత గడ్డం!" అని సూది తన బొడ్డు దాకా చెయ్యి చాపి చూపించేవాడు.

"ఇంటర్వెల్లో పెరిగిందా?"

"నువ్వు పిండి కలపడానికి పరుగెత్తావుగా. అప్పుడే పెరిగింది. ఉండి చూడాల్సింది."

కానీ మెట్ల సినిమా దగ్గరికి వచ్చేసరికి బన్ను వేళాకోళం కట్టిపెట్టేవాడు. టైటిళ్ళు పడేది మొదటి సగంలోనే కదా, ఆ సినిమా అసలు పేరు బన్నుకు తెలుసు. సూదికి ఏ సినిమా పేరూ తెలియదు. అందుకని ఇద్దరికీ అందేలా మెట్ల సినిమా అని వాళ్ళే పేరు పెట్టుకున్నారు. రాజ్యం పోగొట్టుకున్న ఒక రాణి, చివర్లో కోట వదిలిపెట్టి ఒంటరిగా మెట్లు దిగి వెళ్ళిపోతుంది. కథ అంతే. అయితే దాన్ని సూది నోట వినాలి.

"మెట్లంటే మన మేడ మెట్లు కాదురా. ఎక్కడో మబ్బుల్లో మొదలయ్యాయి. మెట్టుమెట్టుకీ దీపం. ఒక్కో దీపం పువ్వులా ఇంతమేర విచ్చుకుని ఉంది. ఆవిడ దిగుతోంది. దిగుతోంది. ఎంతకీ అయిపోదు. కింద నది, ఆ దీపాలన్నీ నీళ్ళల్లో వణుకుతున్నాయి. ఆవిడ అడుగు వేసినప్పుడల్లా తెల్లటి పిట్టలు గుంపులు గుంపులుగా లేచిపోతున్నాయి. మొహం కనపడదురా. వెలుగే. వెలుగే నడిచొస్తున్నట్టుంది."

సూది ఈ మాటలు మొదటిసారి చెప్పింది బేకరీ వెనక గదిలో. బన్ను మోచేతుల దాకా పిండిలో ఉండి, నోరెళ్ళబెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. బట్టీలో రొట్టెలు మాడి బొగ్గయ్యాయి. యజమాని తిట్టిన తిట్లు వీధి చివరిదాకా వినిపించాయి గానీ బన్ను చెవిలోకి మాత్రం వెళ్ళలేదు. ఆ తర్వాత ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు, హాలు మూసేసి అందులో సోఫాలు అమ్మే కొట్టు పెట్టారు. భార్య పోయిన ఏడాది బన్నుకు నిద్ర పట్టేది కాదు. కళ్ళు మూసుకుంటే ఆ రాణి మెట్లు దిగుతూ కనిపించేది, దిగి దిగి ఎప్పటికో అతన్ని నిద్రలోకి తీసుకుపోయేది. అది తను చూడలేదన్న సంగతే అతను మర్చిపోయాడు.

సూదికి కళ్ళజోడు వచ్చింది పెళ్ళయ్యాకే. వీధి అవతల నిలబడి బావమరిది చెయ్యూపితే పట్టించుకోకుండా పోయాడని ఇంట్లో పెద్ద రాద్ధాంతం జరిగింది. భార్యకు అనుమానం వచ్చి కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. "ఇన్నాళ్ళూ రోడ్డెలా దాటావయ్యా?" అని డాక్టరు ముక్కు మీద వేలేసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎంత సన్నటి పోగైనా కనపడేది కాబట్టి, వీడి చూపు మీద ఎవరికీ అనుమానం రాలేదు, చివరికి వీడికి కూడా. సీసా అడుగులంత మందం అద్దాలు పెట్టుకున్నాక సూది చేసిన మొదటి ఫిర్యాదు కొత్త సినిమాల మీద. "ఈమధ్య సినిమాలు మరీ చెడిపోయాయిరా. మొహాల మీద మొటిమలు కూడా కనపడుతున్నాయి" అన్నాడు. బన్ను నిజమేనని తలూపాడు. బుర్ర ఇద్దరిలో ఒక్కడికీ వెలగలేదు.

ఇప్పుడు ఆ అద్దాలు కూడా సాయం చేయలేని రోజులు వచ్చాయి. కంటి నరం దెబ్బతింటోందనీ, పోయిన చూపు తిరిగి రాదనీ, మిగిలింది కూడా పక్కల నుంచి కొంచెం కొంచెంగా చీకటైపోతుందనీ డాక్టరు చెప్పేశాడు. సూది కొట్టు తలుపు వేసేశాడు. సాయంత్రాలు బల్ల ఖాళీగా ఉండిపోయింది. సూది భార్య వెతుక్కుంటూ బన్ను ఇంటికి వచ్చింది.

"అన్నయ్యగారూ, మీరొక్కసారి రండి. కంచం ముందు పెడితే గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. నేను చెప్తే వినే మనిషైతే మీ దగ్గరికెందుకొస్తాను?"

బన్ను వెళ్ళాడు. సింహం సంగతి ఎత్తాడు, గడ్డం సంగతి ఎత్తాడు. సూది నవ్వలేదు. గోడతో మాట్లాడినట్టు అన్నాడు.

"పని పోతే పోనీరా. మీ మొహాలంటావా, గొంతు వింటే గుర్తొస్తాయి. ఆ మెట్లే... రోజుకో దీపం ఆరిపోతున్నట్టుంది. చూపు మొత్తం పోయేలోపు ఒక్కసారి మళ్ళీ చూడాలని ఉంది. ఇంకెక్కడుంటుందిలే! తీసినవాళ్ళకే గుర్తుండదు."

బన్ను ఇంటికి వచ్చి కూతురి వెంట పడ్డాడు. సినిమా పేరు చెప్పాడు, రాణి కట్టిన బట్టల రంగు చెప్పాడు, మొదటి సగం మొత్తం పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆ పిల్ల ఆఫీసు నుంచి వచ్చి రోజూ ఫోనులో తవ్వి తవ్వి, చివరికి పట్టేసింది. ఎవరో పాత సినిమాల పిచ్చివాడు ఇంటర్నెట్టులో పెట్టాడు.

"ఎంతమంది చూశారమ్మా?" అన్నాడు బన్ను.

"నాతో కలిపి ముగ్గురు నాన్నా."

"అయితే మన సినిమానే!" అని బన్ను ఎగిరి గంతేశాడు.

ఆదివారం మధ్యాహ్నం కూతురు కిటికీ తెరలు దించి, సూదిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి టీవీ ముందు కుర్చీలో కూర్చోబెట్టింది. సూది మొహం చాలా రోజుల తర్వాత వెలిగింది. మొదటి సగం వాడికి కొత్త సినిమాయే కదా.

"ఆగాగు, ఆ ముసలాయన రాణి తండ్రా?" అని అరిచాడు. "ఇన్నేళ్ళూ తోటమాలి అనుకున్నానురా!"

"తోటమాలి చచ్చిపోతే రాణి అంతలా ఎందుకేడుస్తుందిరా?"

"మంచి రాణి అనుకున్నాను."

తెర మీద విశ్రాంతి అని పడగానే బన్ను అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాడు. సూది చొక్కా పట్టుకుని లాగాడు. "ఎక్కడికి పోతావురా? పిండీ లేదు, బట్టీ లేదు, కూర్చో." బన్ను కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి ఇద్దరూ కలిసి రెండో సగం చూశారు.

ఆ ఘట్టం వచ్చింది. బన్ను కుర్చీ అంచుకు జరిగాడు.

చెక్క మెట్లు, నాలుగంటే నాలుగు. పక్కన గోడకు రెండు బల్బులు. నది అనుకున్నది రంగు వేసిన పరదా, ఫ్యాను గాలికి ఊగుతోంది. పిట్టలు లేవు. అరిగిపోయిన రీలు మీద తెల్లటి చుక్కలు, గీతలు మాత్రం ఉన్నాయి. ఎప్పుడు ఇంటికి పోదామా అన్నట్టు మొహం పెట్టుకుని ఆ నటి నాలుగు మెట్లూ దిగి నిలబడింది. ఆవిడ నిలబడ్డాక కూడా, ఎవరో ఆపడం మర్చిపోయినట్టు, అడుగుల చప్పుడు టక్ టక్ మంటూ సాగుతూనే ఉంది. శుభం.

వీడికి మిగిలిన ఒక్కగానొక్క వెలుగును నా చేతులతోనే ఆర్పేశానే అని బన్ను కుమిలిపోయాడు. సూది వైపు తిరగడానికి ధైర్యం చాలలేదు.

"ఇది కాదు. వెనక్కి పెట్టమ్మా" అన్నాడు సూది.

కూతురు వెనక్కి పెట్టింది. మళ్ళీ అవే నాలుగు మెట్లు.

"బాబాయ్, ఇదే" అంది ఆ పిల్ల మెల్లగా.

"నేను అబద్ధం చెప్పలేదురా బన్నూ." అన్నాడు సూది. "నేను చూశాను. ఒట్టు, ఈ కళ్ళతోనే చూశాను."

కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. కూతురు ఏం చేయాలో తోచక ఆ ఘట్టాన్ని మళ్ళీ మొదటికి పెట్టింది. అడుగుల చప్పుడు మొదలైంది. సూది తలెత్తి, ఉత్త కళ్ళతో టీవీ వైపు చూసి, అలాగే ఉండిపోయాడు.

"ఆపకు తల్లీ" అన్నాడు. "ఆపకు! అదిగో... దీపాలు వచ్చాయిరా!"

బన్ను టీవీ చూశాడు. రెండు బల్బులే. స్నేహితుడి మొహం చూశాడు. ఆ మొహంలో ఖాళీ హాల్లో ఒంటరిగా కూర్చున్న పిల్లాడు కనిపించాడు. సూది చెయ్యి తడుముకుంటూ వచ్చి కళ్ళజోడును బన్ను అరచేతిలో పెట్టింది. "పెట్టుకో" అన్నాడు.

బన్ను పెట్టుకున్నాడు. గది కరిగిపోయింది. రెండు బల్బులూ ఉబ్బి, పగిలి, పువ్వుల్లా విచ్చుకున్నాయి. మెట్ల అంచులు ఒకదాని మీద ఒకటి పరుచుకుంటూ పైకి, ఇంకా పైకి పోయాయి. పరదా నీళ్ళయింది. రీలు మీది మచ్చలు తెల్లగా, బొద్దుగా ఉబ్బి రెక్కలు కొట్టుకుంటూ లేచాయి. నటి విసుగు మొహం చెరిగిపోయి వెలుగు మాత్రం మిగిలింది, టక్ టక్ మంటూ నడిచొస్తోంది. బన్ను ఒళ్ళు జలదరించింది. తీసినవాళ్ళకు చేతకాని ఇంత కోటను చూపు ఆనని ఒక పిల్లాడు కట్టాడు, కట్టి అందులో తనకు జీవితమంతా చోటిచ్చాడు. చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది అతనికి.

"మీకేం కనపడుతోంది నాన్నా?" అంది కూతురు.

సూది నవ్వుతున్నాడు, కళ్ళ నీళ్ళు కారుతూనే ఉన్నాయి. "ఒరేయ్, చూపు పోతే ఇది పోతుందనే కదరా నా ఏడుపంతా! చూపున్నవాడికి అసలు కనపడేదే కాదుగా ఇది. ఇంకెక్కడికి పోతుంది?"

కాసేపటికి వాడు కుర్చీలోంచి లేచి చెయ్యి చాపాడు. "నా కళ్ళజోడు ఇటివ్వు. మీ చెల్లెమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది, ఆకలేస్తోంది కూడా."

బన్ను రెండు చేతులతో కళ్ళజోడు గట్టిగా పట్టుకున్నాడు.

"ఉండరా" అన్నాడు. "ఆవిడ ఇంకా దిగుతోంది."