ఓనరమ్మ ఇంట్లో నీచు వాసన

మొదట్లోనే ఒట్టు పెడుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. బంగాళాఖాతం మీద ఒట్టు, మా తాత వల మీద ఒట్టు, ఆ రెండూ చాలకపోతే రేపు పొద్దున నేను తాగబోయే కాఫీ మీద ఒట్టు. నన్నెరిగినవాళ్ళు ఈపాటికే నవ్వుతూ ఉంటారు. నవ్వితే నవ్వండి, యాభై ఎనిమిదేళ్ళ మనిషి కాఫీ మీద ఊరికే ఒట్టు పెట్టడు.

మొన్న ఆదివారం ఎదురు పోర్షన్ అమ్మాయి నా తలుపు తట్టి, గడప అవతలే నిలబడి, చున్నీ ముక్కు దాకా తీసుకెళ్ళి మళ్ళీ మర్యాద గుర్తొచ్చి దించేసుకుని, "అంకుల్, ఏమనుకోబాకండి, నాలుగు రోజుల్నుంచీ మీ ఇంట్లోంచి ఏందో వాసన వస్తా ఉంది" అంది. వెతికితే మంచం కింద గంపలో ఉర్లగడ్డలు, అదే బంగాళాదుంపలు, కుళ్ళి నీళ్ళు కారుతున్నాయి. మా ఆవిడ పోయి రెండేళ్ళయినా, సంతలో నా చెయ్యి ఇప్పటికీ ఇద్దరికి సరిపడానే ఏరుతుంది, తినే నోరు ఒకటే కాబట్టి మిగిలిన సగం అలా మంచం కింద చేరి నా మీద పితూరీలు చెబుతుంది. గంప అవతల పారేసి నేల ఫినాయిలు పెట్టి కడిగాను. ఆ అమ్మాయి అంతటితో ఊరుకోక, సాయంత్రం ఒక నీలం సీసా తెచ్చిచ్చింది. మీట నొక్కితే బుస్సుమంటుంది, దాని మీద సముద్రపు గాలి అని రాసి ఉంది. నొక్కి చూశాను. చిట్టమూరు అవతల, ఉప్పునీళ్ళ ఒడ్డున పుట్టి పెరిగినవాణ్ణి, సముద్రపు గాలికి మల్లెపూలూ సబ్బుబిళ్ళా కలిపి నూరిన వాసన ఉంటుందని ఈ వయసులో తెలుసుకున్నాను. సీసా చేత్తో పట్టుకుని పడీ పడీ నవ్వాను. ఒక్కడే నవ్వుకునే నవ్వు ఎంత తొందరగా అయిపోతుందో, నా ఈడువాళ్ళలో ఒంటరిగా ఉండేవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు.

అసలు వాసనంటే మా ఊరిదే వాసన. ఎండాకాలం నెత్తళ్ళనే చిన్న చేపలు ఒడ్డున పరిచి ఎండబెట్టే రోజుల్లో, మా ఊరి బస్సులో కండక్టరు ఊరి పేరు చెప్పి పిలవాల్సిన పని ఉండేది కాదు, మూడు మైళ్ళ ముందే నిద్రపోతున్నవాళ్ళంతా లేచి సంచులు సర్దుకునేవాళ్ళు. ఒకసారి డ్రైవరు కళ్ళజోడు ఎక్కడో పారేసుకుని, ముక్కుని నమ్ముకునే బస్సు తోలుకొచ్చి, సరిగ్గా మా తాతా జేజీల ఇంటి వాకిట్లో ఆపాడు. మా తాత ఇంకా గొప్పవాడు, పడవ అంచు మీద వంగి ఒక్క పీల్పు పీల్చి, కింద ఉన్న చేపలు కానాగంతలో వంజరాలో చెప్పేవాడు, ఆడవో మగవో మాత్రం చెప్పేవాడు కాదు, అది వాటి ఇంటి విషయం అనేవాడు. అలాంటి మా ఊళ్ళో ఒక్క మాట మాత్రం లేదు. నెత్తళ్ళ వాసన అంటాం, రొయ్యపొట్టు వాసన అంటాం, తడి వల వాసన అంటాం, ఏ వాసనకి ఆ పేరు ఉంది. అన్నీ కలిపి నీచు అనడం మాకు తెలియదు. ఆ మాట ఊరు దాటాకే విన్నాం.

నాకు కోవూరులో ఒక రైసుమిల్లులో, బస్తాల మీద మార్కా వేసే పని దొరికింది. కొత్తగా పెళ్ళయిన రోజులు. టౌనులో ఇల్లు వెతికితే, ఏ ఊరు, ఏం పని చేసేవాళ్ళు అని అడిగి, మేం చెప్పగానే మొదటివాళ్ళకి ఇంటికి చుట్టాలు రావడం గుర్తొచ్చింది, రెండోవాళ్ళకి గోడలకి వెల్ల వేయించడం గుర్తొచ్చింది. మూడో ఇల్లు ఓనరమ్మది. కొడవలూరు దగ్గర పొలాలున్న కుటుంబం, భర్త పోయి ఆరు నెలలయింది, ముందు భాగంలో ఆమె ఒక్కతే ఉండేది, వెనక గదీ వంటిల్లూ మాకిచ్చింది. ఈ ఇల్లు కూడా పోతే మా ఆవిడ మళ్ళీ పుట్టింటికి పోవాలి, నేను మిల్లు షెడ్డులో బస్తాల పక్కన పడుకోవాలి, అదే మా ఒప్పందం. మాకు పెళ్ళయి అప్పటికి నాలుగు నెలలు కూడా కాలేదు.

ఆమె ఇంటికీ మా గదికీ మధ్య ఒక నడవా, ఆ నడవాలో తాళం వేసిన బాత్రూము ఒకటి ఉండేవి. భర్త తన కోసం కట్టించుకున్నదట, ఆయన పోయిన రోజే ఓనరమ్మ తాళం వేసి, తాళంచెవి నడుముకి దోపుకుంది. దాని సంగతి ఎవరూ అడగరు, ఆమె చెప్పదు.

ఎండలు ముదిరాక ఇంట్లో వాసన మొదలైంది. పొద్దున కొద్దిగా, మధ్యాహ్నం గాలి తిరిగేసరికి బాగా. రెండో రోజే ఓనరమ్మ మా వంటింటి గుమ్మంలోకి వచ్చి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఏందబ్బయ్యా ఇది, ఇల్లంతా నీచు కంపు కొడతా ఉండాది. మా ఇంట్లో ఎన్నడూ లేదే ఈ యవ్వారం" అంది. ఆమె చెడ్డ మనిషేం కాదు, పండగొస్తే మాకు కూడా పూర్ణాలు పంపేది. కానీ ఆమె వెళ్ళాక మా ఆవిడ పొయ్యి ముందు కూర్చుని, "నీచంటే ఏంది మావా? మనం నీచులమనా?" అని అడిగింది. ఆమె బడికి పోయింది రెండేళ్ళే. నీచంటే చేపా మాంసమూ అని, అది తిట్టు కాదని నేను పెద్ద పండితుడిలా విడమరిచి చెప్పాను. ఆమె తల ఊపింది గానీ నమ్మలేదు. ఇప్పుడనిపిస్తుంది, నాకన్నా ఆమెకే ఆ మాట సరిగ్గా అర్థమైందేమోనని.

ఆ పూట నుంచీ ఇంట్లో యుద్ధం. గిన్నెలన్నీ చింతపండూ బూడిదా పెట్టి తోమింది, చేతులకి శనగపిండి రుద్దుకుంది, మూకుళ్ళలో బొగ్గులు పోసి మూల మూలనా పెట్టింది, గోనెపట్టాలు ఉతికి ఎండేసింది, పొద్దునా సాయంత్రమూ సాంబ్రాణి వేసింది. వాసన మీద వాసన కప్పితే అవి రెండూ కాపురం పెట్టి మూడోదాన్ని కంటాయి, మాకూ అదే అయింది, సాంబ్రాణి పొగలో ఆ కంపు ఇంకా పెద్దింటి కంపులా తయారైంది. చివరికి మా అత్త కట్టి పంపిన ఎండు నెత్తళ్ళ డబ్బా తీసుకెళ్ళి కాలవలో కుమ్మరించి వచ్చింది. ఆ రోజు మజ్జిగన్నం తిన్నాం, ఒకరి మొహం ఒకరు చూడకుండా. వాసన మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. మూడు వారాలయ్యేసరికి ఓనరమ్మ, "నెలాఖరుకి చూసుకోండి అబ్బయ్యా, మీకూ ఇబ్బంది, మాకూ ఇబ్బంది" అనేసింది.

అప్పుడు లేచాను నేను. మీరు చూడలేదు గానీ ఆ మధ్యాహ్నం నన్ను చూసి తీరాల్సింది. చేపలు ఎండబెట్టేవాళ్ళకి గాలి చూడటం ఉగ్గుపాలతో వస్తుంది, గాలి ఎటు నుంచి ఎటు పోతుందో తెలియకపోతే ఒడ్డున పరిచిన సరుకంతా తేమ పట్టిపోతుంది. ఒక అగరుబత్తి ముట్టించి నేలకి జానెడు ఎత్తులో పట్టుకుని, వంటిల్లు, గది, నడవా, ఒక్కో గుమ్మం దగ్గరా ఆగుతూ నడిచాను. అన్నిచోట్లా పొగ నిటారుగా లేచింది. తాళం వేసిన ఆ బాత్రూము తలుపు దగ్గర మాత్రం, ఎవరో లోపలి నుంచి ఊదినట్టు, పొగ నా మొహం మీదికి తిరిగింది.

ఓనరమ్మని పిలిచి చెప్పాను. "అమ్మా, మా వాసన మాకు తెలుసు. ఎండిన చేపకి ఉప్పు వాసన ఉంటది, ఇది చేపది కాదు. ఈ తలుపు కింద నుంచి వస్తా ఉండాది. తాళం తియ్యండి. తీసినాక కూడా మాదే అయితే, ఈ పూటే పెట్టె సర్దుకుని పోతాం."

"అది తియ్యను," అంది ఆమె.

"ఆయన్ని ఏమనడంలేదమ్మా. తూముని అంటుండాం."

 ఓనరమ్మ నడుములోంచి తాళంచెవి తీసి, తనే వంగి తీసింది. లోపల కొయ్య మీద ఎండి బిరుసెక్కిన తువ్వాలు, గూట్లో సగం అరిగిన సబ్బు, మూలన బోర్లించిన ఇత్తడి చెంబు. నేల మీద చుక్క తడి లేదు. ఆ మూల, నీళ్ళు పోయే జాలీలోంచి కంపు నిలువునా కొట్టింది. జాలీ కింద గిన్నెలాంటిది ఒకటి ఉంటుందనీ, అందులో ఎప్పుడూ కాసిని నీళ్ళు నిలిచి ఉంటేనే గొట్టంలోని వాసన పైకి రాదనీ, ఆ నీళ్ళే దానికి మూత అనీ తర్వాత మేస్త్రీ చెప్పాడు. ఆయన పోయినప్పటి నుంచీ ఎవరూ అక్కడ స్నానం చేయలేదు, ఎండలకి ఆ కాసిని నీళ్ళూ ఇంకిపోయాయి, అంతే సంగతి. రెండు బకెట్లు పోస్తే చీకటి పడకముందే ఇల్లు ఇల్లయింది.

ఓనరమ్మ గడప మీద కూలబడి, "ఆయన సబ్బు వాసన పోద్దని తియ్యలేదు పాపా" అంది, మా ఆవిడ చెయ్యి పట్టుకుని. ఆ తర్వాత రోజూ పొద్దునే, ఎవరికో స్నానానికి తోడినట్టు, ఆ చెంబుతోనే అక్కడ నీళ్ళు పోసేది. మేం ఆ ఇంట్లో పదకొండేళ్ళు ఉన్నాం.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, ఆ స్థలంలో నాలుగంతస్తులు లేచాయి. హైవే మీదికి వెళితే అడుగడుక్కీ నెల్లూరు చేపల పులుసు అని పెద్ద పెద్ద బోర్డులు, కార్లు ఆపుకుని మరీ తింటున్నారు, మా ఆవిడ కాలవలో పోసిన నెత్తళ్ళని ఇప్పుడు అందమైన ప్యాకెట్లలో కట్టి అమ్ముతున్నారు. సంతోషమే. కానీ వాసనొస్తే తలుపు తట్టేవాళ్ళున్నా, అది ఎక్కడి నుంచి వస్తుందని నిలబడి, పోట్లాడి, తాళం తీయించే ఓపిక ఎవరికీ లేదు, మీట నొక్కితే సరిపోతుంది. పక్కపక్క ఇళ్ళలో ఎవరింట్లో ఏం ఇంకిపోయిందో ఎవరికీ తెలియడంలేదు.

ఇక నా ఒట్టు సంగతి. బస్సు డ్రైవరుదీ మా తాతదీ మీ ఇష్టానికే వదిలేస్తున్నాను. నేను కల్పించింది ఒక్కటే. ఆ అగరుబత్తి పట్టుకుని నడిచింది నేను కాదు, ఆ మాటలన్నదీ నేను కాదు. అదంతా మా ఆవిడ. నేను మా గది తలుపు వెనక నిలబడి, "ఊరుకోమే, ఉన్న ఇల్లు పోద్ది" అని గుసగుసలాడుతున్నాను. అది చేప వాసన కాదని నా ముక్కుకి మొదటి రోజే తెలుసు, మా ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలుస్తుంది. ఆమెకీ తెలుసు. అయినా ఇల్లు పోతుందన్న భయంతో ఆమెని నోరెత్తనీయక, మూడు వారాలు ఆమె గిన్నెలు తోముతుంటే చూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు, మిల్లులో, పెళ్ళిళ్ళలో, ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఈ కథ నా పేరు మీదే చెప్పుకున్నాను. ఆమె అక్కడే ఉండేది. ఒక్కసారి కూడా కాదనలేదు. "ఔను, ఈయనే అన్నాడు" అని ఖాళీ గ్లాసులు అందుకుని లోపలికి పోయేది, కాసేపటికి వంటింట్లో గిన్నె ఒకటి అవసరమైన దానికన్నా కొంచెం గట్టిగా చప్పుడయ్యేది. ఈమధ్య ఎవరికో ఇదే కథ చెబుతూ, "అప్పుడు లేచాను నేను" అన్నచోట అలవాటు కొద్దీ ఆగి వంటింటి వైపు చూశాను.

చప్పుడు రాలేదు. అందుకని నిజం నేనే చెప్పాల్సి వచ్చింది.