గాజుల కోసం గీసుకున్న హద్దు

రొయ్యల చెరువున్న ఇంట్లో ఆడవాళ్ళ బంగారం ఒంటి మీద కన్నా బ్యాంకులోనే ఎక్కువ కాలం ఉంటుంది. భీమవరం దగ్గర మా చెరువులో రొయ్య పిల్ల వదిలే ప్రతిసారీ మా అమ్మ పెట్టిన నాలుగు గాజులూ తాకట్టుకి వెళ్తాయి. పట్టుబడి బాగుంటే తిరిగొస్తాయి. వరసగా రెండు పంటలు దెబ్బతిన్నాయి, గాజులు రాలేదు. పెళ్ళికెళ్ళినా పేరంటానికెళ్ళినా చెవులకి దుద్దులు, చేతులకి మట్టిగాజులే. "ఏంటొదినా, ఈమధ్య మరీ సింపుల్‌గా ఉంటున్నావు?" అని మా ఆడపడుచు అడిగితే ఒళ్ళు మండిపోయేది.

వాటిని నేనే విడిపించుకుందామని, చీరలకి ఫాల్స్ కుట్టిన డబ్బుతో ఫోన్లో బిట్‌కాయిన్ ట్రేడింగ్ మొదలుపెట్టాను. నవ్వకండి. నెలల తరబడి వీడియోలు చూసి నేర్చుకున్నదల్లా ఒక్కటే: ఎంత వస్తుందో మన చేతిలో లేదు, ఎంత పోవాలో మాత్రం మనమే ముందు తేల్చుకోవచ్చు. వంద రూపాయలుంటే ఒక ట్రేడ్‌లో రూపాయి మించి పోకూడదు. కొనగానే స్టాప్‌లాస్ పెట్టేదాన్ని, అంటే రేటు నేను గీసిన హద్దు కన్నా కిందికి పడితే దానంతటదే అమ్ముడైపోతుంది. ఒకే రోజు రెండుసార్లు పోయిందా, ఫోను బియ్యం డబ్బాలో పడేసి మూత పెట్టేసేదాన్ని.

ఖాతా పెరట్లో కరివేపాకు మొక్కలా నెమ్మదిగా ఎదిగింది. ఏడాది దాటేసరికి రెండు గాజులు విడిపించేంత అయింది. అంతవరకూ "చిల్లర వ్యాపారం" అని ఎగతాళి చేసిన మా ఆయన, చెరువు గట్టు మీద నలుగురి దగ్గరా "మా ట్రేడింగ్" అనడం మొదలుపెట్టారు. ఖాతా ఆయన పేరు మీదే ఉంది మరి. పాన్ కార్డు ఆయనకే ఉంది, ఓటీపీలు ఆయన ఫోన్‌కే వస్తాయి.

మరిడమ్మ జాతరకి పెద్దాపురం, మా పుట్టింటికి వెళ్ళాను. వెళ్ళేముందు చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

"ఒక ట్రేడ్ నడుస్తోందండీ. హద్దు పెట్టాను. పోతే కొంచెమే పోతుంది, మీరు ముట్టుకోకండి."

"నాకేం పనే!" అన్నారు.

అమ్మవారికి చీర పెట్టి వచ్చి చూసుకుంటే ఖాతా ఖాళీ. ఆయనకి ఫోన్ చేశాను.

"రేటు పడుతోందని నీ స్టాప్‌లాస్ తీసేశానే. పడినప్పుడు ఎవడైనా అమ్ముకుంటాడా? ఇంకో వారం ఆపితే మంచి కౌంటుకొస్తుంది కదా అని..."

కౌంటంట, కౌంటు! అది కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయనే లెక్క. కిలోకి వంద తూగే రొయ్య ఇంకొన్నాళ్ళు మేస్తే లావెక్కి ఎనభైకొస్తుంది, మంచి రేటు పలుకుతుంది. బిట్‌కాయిన్ మేత మేస్తుందా? ఈయన మేపారు కూడాను. మిగిలిన డబ్బంతా దాని మీదే పోసి, చాలక యాప్ వాడిచ్చే అరువు కూడా తీసుకున్నారు. రేటు ఇంకాస్త జారేసరికి వాడు తన అప్పు కింద ఉన్నదంతా అమ్మేసి మొత్తం ఊడ్చుకుపోయాడు.

డబ్బు కోసం ఏడవలేదని చెప్పను, బాగా ఏడ్చాను. కానీ అంతకన్నా మండింది ఇంకోదానికి. చెరువులో తెల్లమచ్చల జబ్బు కనబడితే ఈ మనిషి పూట ఆగరు. ఒకసారి మేత తట్టలో ఒక్క రొయ్య మీద మచ్చ చూసి, మిగతావి చచ్చేలోపే, ఆ రోజే వలలు దింపించి, అడిగిన రేటుకి తెగనమ్మి బయటపడ్డారు. ఆ తెలివి నా డబ్బు దగ్గరికొచ్చేసరికి ఏ మూల దాక్కుందో! ఆయన తొందరగా అమ్మితే అనుభవం, నేను అమ్మితే పిరికితనం.

ఇంటికి రాగానే, "పోయిందేదో పోయింది. నీ ఫోన్ జూదం ఇకనైనా మానెయ్" అన్నారు. మొన్నటిదాకా మా ట్రేడింగ్, ఇప్పుడు నా జూదం!

చెరువు ఎండగట్టి మళ్ళీ పిల్ల వదిలే వేళయింది. అన్నం తింటూ, నా మొహంలోకి చూడకుండా అడిగారు.

"ఆ చెవిదుద్దులు ఇలా ఇవ్వవే. ఈ పంటతో అన్నీ కలిపి విడిపించేద్దాం."

మజ్జిగ పోస్తూనే చెప్పాను. "ఇవ్వనండి. గాజుల వరకే నా హద్దు. ఈ హద్దు తియ్యడానికి ఓటీపీ మీ ఫోన్‌కి రాదు."

"నా మీద నమ్మకం లేదా?"

"లేదండీ."

కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు. ఇప్పుడు చుట్టూ అందరి చెరువుల్లోనూ నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతున్నాయి, పిల్లకి డబ్బు లేక మాదొక్కటే ఎండిపోయి ఉంది. ఆయన నాతో మాట్లాడటం లేదు. చెవులకి దుద్దులున్నాయి.