నువ్వుగింజ నానిన పది రోజులు

నాకు ఇరవై నాలుగేళ్ళున్న కాలంలో, గొంతు అనేది ఎంత వాడినా అరగని వస్తువని నా గట్టి నమ్మకం. కమలాపురంలో ఒక ప్రైవేటు బడిలో రెండో తరగతి టీచరుగా కొత్తగా చేరాను. పైన రేకుల కప్పు, కింద యాభై ఎనిమిది మంది పిల్లలు, మూడో తరగతికీ మాకూ మధ్య గోడకు బదులు ఒక పాత బీరువా. బీరువాకు అవతల నా స్నేహితురాలు లెక్కల మేడమ్ ఎక్కాలు చెప్పిస్తుంటే, ఇవతల నేను పాటలు పాడించాలి. ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళ పాఠమే రెండు తరగతులకూ వచ్చేది. (మా పిల్లలకు ఏడో ఎక్కం అంత త్వరగా వచ్చిందంటే ఆ పుణ్యం ఆమెదే.) బడి అయ్యాకైనా గొంతుకు విశ్రాంతి ఉండేదా అంటే అదీ లేదు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ ఊళ్ళో అందరికీ చెప్పుకునేది. వాళ్ళకు ఆ సంగతి అప్పటికే తెలుసు, నేనే చెప్పి ఉంటాను.

ఒకరోజు పిల్లలను "కూర్చోండి" అనబోతే సైకిల్ పంపు కొట్టినట్టు గాలి మాత్రమే వచ్చింది. పిల్లలు నేనేదో ఆట ఆడిస్తున్నానని మురిసిపోయి, వాళ్ళూ పంపులు కొట్టడం మొదలుపెట్టారు. కడపలో డాక్టరమ్మ గొంతులోకి అద్దం పెట్టి చూసి, అరిచి అరిచి లోపల చిన్న కాయలు కాశాయనీ, వాటిని కోసి తీసెయ్యాలనీ చెప్పింది. ఆపరేషన్ సులువుగానే అయిపోయింది. అసలు కష్టం ఆ తరువాతే. "పది రోజులు ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుసలు అసలే వద్దు. అరుపు కంటే గుసగుస ఎక్కువ చెడుపు" అందామె. అది విని మా నాయన ముఖంలో విచారం కనిపించిందని చెప్పలేను. ఇంటికి వచ్చే దారిలో బస్సు కిటికీ పక్కన కూర్చుని హాయిగా కునుకు తీశాడు. నా పక్కన కూర్చుని ఆయన నిద్రపోగలగడం అదే మొదటిసారి.

మాది కమలాపురం నుంచి ఆటోలో పోయేంత దూరంలో ఉన్న పల్లె. అమ్మా నాయనా పొద్దున్నే చేనికి పోయేవాళ్ళు, పసుపు తవ్వే రోజులు. నన్ను చూసుకునే పని మా జేజిది, అంటే మా నాయన తల్లిది. సాయంత్రం లెక్కల మేడమ్ బడి కబుర్లు తెచ్చేది. మొదటి రోజే ఒక పలకా, బలపాల డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "ఏం కావాలన్నా దీని మీద రాయి మే. తప్పులు రాస్తే నేను దిద్దుతా" అంది. నా దగ్గర అప్పట్లో ఉన్నది నొక్కుల ఫోను, దాంట్లో మెసేజీ రాసేసరికి దాహం వేసినవాళ్ళకు దాహం తీరిపోయేది. అందుకే పలకే దిక్కయింది.

రెండు రోజులకే నాకు పిచ్చెక్కినట్టయింది. వసారాలో ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచేదాన్ని. వీధిలో ఎవరైనా తప్పు సంగతి చెప్పుకుంటుంటే సరిదిద్దడానికి గుమ్మం దాకా పరుగెత్తి, చేతులు ఊపి, వాళ్ళు "పాపం, శానా నొప్పిగా ఉన్నట్టుంది" అని జాలిపడితే వెనక్కి వచ్చేదాన్ని. మంచం ఎక్కేదాన్ని, దిగేదాన్ని. దిండు ఈ తలాపి నుంచి ఆ తలాపికి మార్చేదాన్ని. జేజి నా కాలి చప్పుడు విని, "కాలు కాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావేందే, ఒక చోట పడుండు" అని గదమాయించేది.

మూడో రోజు నుంచి నాకొక అనుమానం మొదలైంది. పలక మీద "నీళ్ళు కావాలి" అని రాసి చూపిస్తే జేజి దాన్ని శ్రద్ధగా చూసి, "సరేలే పాపా, పండుకో" అంది. "జావలో ఉప్పు లేదు" అని రాస్తే, "నాకు నువ్వు తప్ప ఎవరుండారే" అని కళ్ళు తుడుచుకుంది. ముసలితనం, నా మీద ప్రేమ అనుకున్నాను. నాలుగో రోజు నా మందు పట్టించడానికి వచ్చి, చెంచా నిండా పోసి నోటి దగ్గర పెట్టింది. ముక్కు పుటాలు అదిరిపోయే వాసన. అది నా మందు కాదు, మా నాయన మోకాళ్ళకు రాసుకునే తైలం! జేజి చెయ్యి పట్టుకుని ఆపి, పలక అందుకుని "ఇది తైలం" అని పెద్ద పెద్ద అక్షరాలతో రాసి చూపించాను. జేజి తల ఊపి, "చేదుగా ఉంటే చక్కెర వేస్తాలే" అంది.

నేను పలక వెనక్కి తిప్పి, ఏమీ రాయని వైపు చూపించాను. జేజి దాన్ని కూడా అంతే శ్రద్ధగా చూసి, "మంచిది పాపా" అంది.

నేను పలక దించలేదు. కాసేపటికి జేజి చెయ్యి చాచి పలకను తడిమింది. బలపం పొడి వేళ్ళకు అంటలేదు. చెంచా కింద పెట్టి, మంచం పట్టె మీద మెల్లగా కూర్చుంది. "తెల్సిపోయిందా నీకు?" అంది. "రెండేండ్లాయ. మొదట్ల అచ్చరాలు చీమల మాదిరి పాకుతాండె. ఇప్పుడు చీమలు గూడా ల్యా. అంతా పొగ."

మరి రోజూ పొద్దున బైబిలు ముందు పెట్టుకుని గట్టిగా చదివే వాక్యం సంగతేమిటి? నోరు లేక కనుబొమలతో అడిగాను. అవి కనిపించవు కదా ఆమెకు, అయినా జవాబు చెప్పింది. "కీర్తనలన్నీ నోటికొచ్చు. ఊరికే పేజీ తిప్పుతాండా. మొన్న పుస్తకం తలకిందులు పెట్టుకుంటే గూడా మీ నాయన కనుక్కోల్యా."

నవ్వొచ్చింది కానీ నవ్వలేకపోయాను, అది గొంతు వల్ల కాదు. మా జేజి కూలిపని చేసుకుంటూనే పెళ్ళయ్యాక అక్షరాలు నేర్చుకున్న మనిషి. మా చర్చిలో ఆడవాళ్ళలో మొదట లేచి నిలబడి వాక్యం చదివింది ఆమే. నలభై ఏళ్ళుగా పండగకు చదివేది ఆమే. ఊళ్ళో ఆమెను పేరుతో కాదు, "సదువుకున్నామె" అనే పిలిచేవాళ్ళు. ఆపరేషన్ చేయించుకోవచ్చు కదా అని ఆమె చెయ్యి పట్టుకుని, ఆమె కంటి దగ్గర రెండు వేళ్ళతో కత్తెరలా ఆడించాను. (అంతకంటే మంచి సైగ ఆ క్షణాన తట్టలేదు.) జేజి ఉలిక్కిపడి నా చెయ్యి తోసేసింది. "నిన్ను చూస్తాండా గదా! మాట్లాడే పిల్లను తీసుకపోయి గొంతు కోస్తే మూగదైపాయ. రేపు నా కన్ను కోస్తే యాడికి పోతాది? ఎవరికీ చెప్పాకు. నా మీద ఒట్టు."

చెప్పనని ఆమె అరచేతిలో చెయ్యి వేశాను. ఆ తరువాత నేను పడిన అవస్థ పగవాళ్ళకు కూడా వద్దు. ఫోను తీసి అమ్మకు మెసేజీ సగం రాసి చెరిపేసేదాన్ని. పలక మీద రాసి చేత్తో తుడిచేసేదాన్ని. జేజి పొయ్యి దగ్గరికి పోతే వెనకే పోయేదాన్ని, బావి వైపు పోతే అడ్డం పోయేదాన్ని. సాయంత్రం వచ్చిన లెక్కల మేడమ్ నన్ను తేరిపార చూసి, "లోపల ఏందో పెట్టుకోని ఉడుకుతాండావు. ఎవరు మే ఆయప్ప?" అంది. కాదని చేతులు ఊపాను. "సైన్స్ సారా?" అంది. ఇంకా గట్టిగా ఊపాను. "ఇంత గట్టిగా కాదంటాండావంటే ఆయప్పే" అని తేల్చేసి, మరునాడు ఆ సంగతి స్టాఫు రూములో బీరువాకు అవతలా ఇవతలా వినిపించేలా చెప్పేసింది.

శుక్రవారం మా చర్చి అయ్యగారు నా కోసం ప్రార్థన చెయ్యడానికి వచ్చారు. లేచి పోతూ, "పెద్దమ్మా, ఆదివారం కోతల పండగ. వాక్యం నువ్వే సదవాల. ఈసారి ఎప్పుడూ సదివేది కాదు, కొత్త భాగం పెట్టినా" అని ఒక చీటీ ఇచ్చారు. జేజి చీటీని తలకిందులుగా పట్టుకుని, "అట్నే అయ్యగారూ" అంది. ఆయన గడప దాటగానే ఆమె ముఖం వాడిపోయింది. ఎవరైనా రెండు మూడుసార్లు చదివి వినిపిస్తే చాలు, జేజి నోటికి పట్టేస్తుంది. కానీ ఆ రహస్యం తెలిసిన ఒకే ఒక్క మనిషికి గొంతు లేదు. ఇంకొకరిని అడగడానికి జేజికి ప్రాణం ఒప్పలేదు. చివరికి, "దగ్గొచ్చినట్టు దగ్గుతా. నీళ్ళు తాగి కూచుంటా" అని ఉపాయం చెప్పి, శనివారం నుంచే దగ్గడం సాధన చేసింది. అమ్మ కంగారుపడి మిరియాల కషాయం కాచి రెండు పూటలా తాగించింది.

ఆదివారం చర్చి అంతా పంటే. జొన్న మూటలు, గుమ్మడికాయలు, పసుపు కొమ్ములు, చదివే బల్ల కాలికి కట్టేసిన ఒక నాటుకోడి. పేరు పిలవగానే జేజి తెల్లచీర సవరించుకుని నిటారుగా నడిచిపోయింది. పుస్తకం తెరిచింది. దగ్గింది. ఎవరో నీళ్ళు తెచ్చారు. తాగింది. మళ్ళీ దగ్గింది. మిరియాల కషాయం ప్రభావమో ఏమో, ఆ దగ్గులో నిజం లేదని నాకే తెలుస్తోంది. "నిదానంగా సదువు పెద్దమ్మా, తొందర లేదు" అన్నారు అయ్యగారు. అందరూ ఎదురుచూస్తున్నారు. జేజి ఒక పేజీ తిప్పింది, మళ్ళీ వెనక్కి తిప్పింది. నా ఒళ్ళంతా బెంచీ మీద నిలవలేక కొట్టుకుంటోంది.

ఎప్పుడు లేచానో తెలియదు. ఆమె పక్కన నిలబడి, సరైన పేజీ తీసి, చెంపకు చెంప ఆనించి మొదటి వరుస ఆమె చెవిలో గుసగుసలాడాను. జేజి ఒక్క క్షణం ఆగి, తల ఎత్తి, ఆ వరుసను చర్చి దద్దరిల్లేలా చదివింది. రెండోది, మూడోది. అడుగున కోడి మాకు సాయంగా కొక్కొక్కోమంటూనే ఉంది. ఒక్కచోటే తేడా వచ్చింది. అది రైతు తన తొలిపంటను గంపలో పెట్టి దేవుడికి తెచ్చే భాగం. నా గుసగుసలో "గంప" కాస్తా "కంప"లా వినిపించింది. జేజి ఏ సందేహమూ లేకుండా పంటనంతా తీసుకుపోయి ముళ్ళకంపలో పెట్టించేసింది. మగవాళ్ళ వైపు కూర్చున్న మా నాయన తల ఎత్తి చూశాడు. మిగతా అందరూ ఆమెన్ అన్నారు. బయటికి వచ్చాక ఆడవాళ్ళు, "మాట పడిపోయిన మనవరాలిని పక్కన నిలబెట్టుకోని సదివింది సూడు, ఎంత ప్రేమో" అని కళ్ళొత్తుకున్నారు.

బుధవారం కడపలో డాక్టరమ్మ అద్దం పెట్టి చూసి ముఖం చిట్లించింది. "వాచింది. మాట్లాడావా?" లేదని తల ఊపాను. "గుసగుసలాడావా?" నేను గోడ మీద క్యాలెండర్ చూడటం మొదలుపెట్టాను. ఇంకో పది రోజులు మౌనం రాసింది.

ఇంటికి వచ్చాక నాయన నన్ను నిలబెట్టి, "ఎవరితో మాట్లాడినావు?" అని గద్దించాడు. అంతకు ముందురోజే స్టాఫు రూము కబురు అమ్మ చెవిన పడింది. "ఆ సైన్స్ సారుతోనేనా? చెప్పు!" అంది. నేను పలక గుండెకు ఆనించుకుని నిలబడ్డాను. ఒక్క ముక్క రాస్తే ఈ గొడవ నుంచి బయటపడతాను. రాయలేదు. కళ్ళలో నీళ్ళు మాత్రం వాటంతట అవే వచ్చాయి.

"దాన్నేమీ అనాకండి" అంటూ జేజి గోడ పట్టుకుని లోపలి నుంచి వచ్చింది. "అది మాట్లాడింది నాతోనే. నాకు కండ్లు కనపడటం ల్యా. చర్చిలో సదివింది నేను గాదు, అది."

నాయన పోయి జేజి ఎదురుగా నిలబడ్డాడు. "రెండేండ్లు నా ఎదురుగానే కూచుని పుస్తకం తిప్పితివి. నాకొక మాట చెప్పగూడదా అమ్మా?" అన్నాడు.

"నువ్వు కనుక్కుంటావేమో అనుకున్నా నాయనా" అంది జేజి.

అమ్మ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది. "అందుకేనా అత్తా, పంటంతా కంపలో పెట్టిస్తివి" అంది. జేజే ముందు నవ్వింది.

నేను మళ్ళీ మాట్లాడటం విని జేజికి భయం పోయింది. నెల తిరక్కుండా ఆమె కంటికి కూడా ఆపరేషన్ అయింది. ఈసారి మంచం ఆమెది, కాపలా నాది. గొంతు తిరిగొచ్చిన ఉత్సాహంలో నేను ఆపకుండా మాట్లాడుతుంటే, "కన్నుకు కట్టు కట్టినారు గానీ, చెవులకు గూడా కట్టాల్సింది" అని మూలిగింది. కట్టు విప్పిన రోజు ఇల్లంతా కలయజూసి ఆమె అన్న మొదటి మాట, "ఇన్ని బూజులుండాయా ఈ ఇంట్లో!" అమ్మ వారం రోజులు అలిగింది. జేజి మాత్రం ఆ తరువాత నాలుగు పండగలకు తన కళ్ళతోనే వాక్యం చదివి, వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేను కర్నూలులో ఒక బడిలో, నడుముకు చిన్న మైకు తగిలించుకుని పాఠాలు చెబుతున్నాను. గొంతులో కొంచెం బొంగురు మిగిలింది. ఆ రెండో పది రోజులు గుర్తొస్తే ఇరవై నాలుగేళ్ళ ఆ పిల్ల మీద నవ్వొస్తుంది. జేజి నా మంచం పక్కనే కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తూ, తన చిన్ననాటి సంగతులు, తాతను మొదట చూసిన రోజు, అక్షరాలు దిద్దిన ఇసుక, అన్నీ జవాబు కోసం చూడకుండా చెప్పుకుంటూ పోయేది. నేనేమో ఎప్పుడెప్పుడు నోరు విప్పుదామా అని గుమ్మం వైపే చూస్తూ, అందులో సగం వినలేదు.