మాబు సాహెబ్ రెక్కల కారు

దువ్వూరులో కార్లకు డెంటింగ్ చేసే మాబు సాహెబ్‌కు ఒకటే కొరత. ఆయన చేసిన పనిని భార్య దౌలత్ బీ ఒక్కసారి కూడా బాగుందనలేదు. పెళ్లయిన కొత్తలో పాత రేకులతో గాలిమర చేసి చూపిస్తే, "తిరుగుతాండాది" అంది. స్కూటరుకు లారీ హారను పెడితే, "మోగుతాండాది" అంది. అంతే.

అందుకే ఈసారి తన పాత చిన్న కారు తలుపులు ఊడబీకి, పక్కకు కాకుండా పైకి లేచేలా బిగించాడు. మీట నొక్కగానే గ్యాసు కడ్డీలు బుస్సుమన్నాయి, తలుపులు గద్ద రెక్కల్లా లేచాయి. ఆ గాలికి ఎదురింటి మిద్దె మీద ఆరేసిన మిరపకాయలు పోయి మైదుకూరులో పడ్డాయట.

పిండిమర దేవేంద్రప్ప కారు చుట్టూ తిరిగి చూశాడు. "బాగానే ఉండాది గానీ మాబన్నా, బండి బోర్లా పడితే తలుపు యాడికి లేస్తాది? భూమిలోకా?"

"నా బండి ఎందుకు పడతాదప్పా? నీ నోట్లో పిండి కొట్ట!"

దౌలత్ బీ మైదుకూరులో ఉన్న చెల్లెలికని సేమ్యాతో చేసిన షీర్ ఖుర్మా క్యారియరు ఒళ్లో పెట్టుకుని కారెక్కింది.

"ఎట్లుండాది?" అన్నాడు ఆశగా.

"లేస్తాండాది."

ఊరు దాటగానే రోడ్డు మధ్య ఒక మేకపోతు నిలబడి ఉంది. హారను కొట్టినా కదల్లేదు. మాబు సాహెబ్ స్టీరింగు పక్కకు కోశాడు. కారు గట్టు దిగి, శనగ కోసేసిన చేలో, పెనం మీద రొట్టె తిరగేసినంత నిదానంగా బోర్లా పడింది. ఎవరికీ గీత కూడా పడలేదు. మీట నొక్కితే తలుపులు బుస్సుమని జానెడు నేల తవ్వి ఆగిపోయాయి. బెల్టుకు తలకిందులుగా వేలాడుతూ, గడ్డం నిండా సేమ్యాతో, మాబు సాహెబ్ దేవేంద్రప్పను తలుచుకున్నాడు.

"అజీ, ఇప్పుడెట్ల దిగేది?"

"ఉండు, ఇంకోసారి నొక్కుతా."

"నొక్కు, నొక్కు. బావి అన్నా పడతాది, నీళ్లు తాగుదాం."

వెనకాలే మోపెడ్ మీద పిండి మూటతో వస్తున్న దేవేంద్రప్ప పరుగెత్తుకొచ్చి డిక్కీ తలుపు లాగాడు. అది చక్కగా తెరుచుకుని చాపలా నేల మీద పరుచుకుంది. దౌలత్ బీ దాని మీదుగా పాకి బయటికొచ్చి, చీర దులుపుకుని, ఆ తలుపును ప్రేమగా తట్టింది.

"అజీ, ఇది మాత్రం శానా బాగుండాది! నువ్వే చేసినావా?"

ఇంకా లోపలే వేలాడుతున్న మాబు సాహెబ్ అబద్ధమాడదామా అని చాలాసేపు ఆలోచించాడు.

"లేదు. కంపెనీది."

"అనుకున్నాలే."

మరునాడు పాత మడతబందులే వెతికి, తలుపులు మునుపటిలా పక్కకు బిగించాడు. దౌలత్ బీ వచ్చి తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది.

"ఎట్లుండాది?"

"తెరుచుకుంటాండాది," అంది. అని, రెండో వైపు తలుపు కూడా తెరిచి చూసుకుని, మళ్లీ నింపిన క్యారియరు తేవడానికి లోపలికి వెళ్లింది.