ముత్తాతగారు పల్లకి దిగిన చోటు

మా ముత్తాతగారు వినగడపకి మునసబు. తాతగారు మునసబుగిరీతో పాటు ఆయన గుబురు మీసం కూడా అందుకున్నారు. నాన్నగారి వంతుకు మీసం ఒక్కటే మిగిలింది. నాకు అదీ సరిగ్గా మొలవలేదు, నిటారుగా కూర్చునే అలవాటు మాత్రం వచ్చింది. తిరువూరు బళ్ళో సైన్సు మాస్టారుగా చేరిన ఆ రోజుల్లో ఇనప కుర్చీలో కూడా దర్బారులో ఉన్నట్టే కూర్చునేవాణ్ణి. (నడుంనొప్పి తరువాత వచ్చింది.)

పిల్లలకు బొమ్మల పుస్తకాలు రాసే పిచ్చి అప్పుడే పట్టుకుంది. మొదటి పుస్తకానికి మా వంశాన్ని మించిన విషయం ఏముంటుంది? పల్లకిలో ముత్తాతగారు, మోస్తూ నలుగురు బోయీలు, ముందు బూరా ఊదేవాడు, అందరినీ నేనే గీసి రంగులు వేశాను. బెజవాడలో అచ్చువేసే పెద్దమనిషి మాత్రం, "ముందు మీ పిల్లలకి చదివి వినిపించండి మాస్టారూ. మళ్ళీ చదవమని వాళ్ళడిగితేనే వేస్తాను" అన్నాడు.

ఆరో తరగతి పిల్లలకి గంభీరంగా చదివి వినిపించాను. నిశ్శబ్దం. భక్తి అనుకున్నాను. ముందు బెంచీ పిల్ల జాలిగా చెయ్యెత్తింది.

"పాపం, ఆయనకి కాళ్ళు లేవా సార్?"

"ఉన్నాయమ్మా. దివ్యంగా ఉన్నాయి."

"మరి జ్వరమా సార్?"

"కాదే, ఆటో దొరకలేదు!" అన్నాడు వెనక బెంచీవాడు.

మళ్ళీ చదవమని ఒక్కరూ అడగలేదు.

ఇంటికొచ్చి నాయనమ్మ దగ్గర మండిపడ్డాను. ఆవిడ వక్క నములుతూ నవ్వింది. "కాళ్ళకేంరా, దుంగల్లా ఉండేవి. పల్లకి ఊగితే మా మావగారికి కడుపులో తిప్పేది. ఊరు దాటగానే దిగి, గట్టు మీద కక్కుకుని, నడిచేవారు. అవతలి ఊరి పొలిమేరలో మళ్ళీ ఎక్కి మీసం దువ్వుకునేవారు. ఆయన నడిచినంతసేపూ బోయీలు వంతులేసుకుని పల్లకెక్కేవాళ్ళంట!"

ఇది రాస్తే వంశం పరువు పోతుంది. రాయకపోతే పుస్తకం పోతుంది. కొన్నాళ్ళు నిటారుగా కూర్చుని ఆలోచించి, చివరికి ముత్తాతగారిని గట్టు మీద వంగోబెట్టి బొమ్మ గీశాను. తరగతి గొల్లుమంది. "మళ్ళీ సార్! కక్కే పేజీ నుంచి!" ఆ ఊపులోనే ఒంటి తూకం చూసే లోపలి చెవి బొమ్మ గీసి, ఊగితే కడుపులో ఎందుకు తిప్పుతుందో పాఠం కూడా చెప్పేశాను.

బెజవాడ పెద్దమనిషి అన్నమాట ప్రకారం అచ్చువేశాడు. తరువాత చాలా పుస్తకాలే రాశాను. అయినా తిరువూరు బజారులో ఇప్పటికీ నేను కక్కుల మాస్టారినే. ఆ నమస్కారాలు నిటారుగానే అందుకుంటాను. వంశం కోసం రంగులు కలుపుకున్న ఆ కుర్ర మాస్టారు గుర్తొస్తే మాత్రం, లేని మీసం కింద కాస్త నవ్వు వస్తుంది.

పల్లకిని నాన్నగారు గంపలగూడెంలో పెళ్ళి సామాన్లు అద్దెకిచ్చే షాపుకి అమ్మేశారు.