కళ్లు మూసుకుని ఎత్తిన చేతులు

రోసమ్మ పొయ్యి ముట్టించిందంటే పొగ ముందు చర్చి కిటికీల్లోకి, ఆ తర్వాత ప్రసంగంలోకి దూరేది. ఆరాధన తర్వాత అందరూ కలిసి తినే ప్రేమవిందుకు ఎసరు మరుగుతుంటే వెనక బెంచీల వాళ్ల నోట ఆమెన్ తొందరగా వచ్చేది. మెట్టుగూడ చర్చి వెనకున్న ఆ రేకుల షెడ్డు, కట్టెల పొయ్యి ముప్పయ్యేళ్లుగా ఆమె రాజ్యం. సంఘంలో ఎవరింట చావు జరిగినా, పొయ్యి వెలగని ఆ ఇంటికి అన్నం, పప్పుచారు అక్కడి నుంచే వెళ్లేవి. ఏడ్చి ఏడ్చి గొంతు పూడిన మనిషికి మొదటి ముద్ద కలిపి పెట్టేది ఆమే.

ఆ షెడ్డు కూలగొట్టి కార్లు నిలుపుకుందామని కమిటీ అనుకుంటోందని తెలిసిన ఆదివారమే, ఆ కమిటీలో ఖాళీగా ఉన్న ఒక్క స్థానానికి రోసమ్మ పోటీకి దిగింది. ఎదుట రైల్వేలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన యేసురాజు. ఆయన మనుషులు అప్పుడే శాలువా కొనిపెట్టారు. వంటామెకు కమిటీ ఏమిటని మగవాళ్ల బెంచీల్లో నవ్వు పాకింది.

చెల్లెలి కొడుకు సైలస్ ఒక్కడే ఆమె పక్షం. ఇంగ్లీషు మాట్లాడే ఆఫీసు వాడిది.

"పెద్దమ్మా, నువ్వు డార్క్ హార్స్‌వి," అన్నాడు ఉల్లిపాయలు ఒలుస్తూ.

అదేమిటని ఆమె అడిగితే విడమరిచాడు. పందెంలో ఎవరికీ పెద్దగా తెలియని గుర్రం ఒకటుంటుంది. దాని మీద ఎవరూ డబ్బు పెట్టరు. అదే ముందుకొచ్చి గెలుస్తుంది. ఆటల్లో, ఎలక్షన్లలో అలా అనుకోకుండా గెలిచే వాళ్లనీ ఆ మాటే అంటారు.

రోసమ్మ కత్తిపీట మీద చెయ్యి ఆపింది.

"ఎవరికీ తెల్వనిదాన్నారా నేను? ఈ గుళ్లె నా చేతి ముద్ద తినని నోరొకటి చూపియ్. తెల్వక కాదు బిడ్డా, చూడక. వాళ్లు చూడకపోతే నాకు పేరు పెడ్తవా?"

సైలస్ ఇంకో ఉల్లిపాయ అందుకున్నాడు.

ఎన్నిక రోజు ఆరాధన ముగిసినా ఎవరూ కదల్లేదు. అక్కడ ఎన్నికంటే చేతులెత్తడమే. ఆడవాళ్లు ఎడమ, మగవాళ్లు కుడి. ఎడమవైపు లేచిన చేతిని కుడివైపు నుంచి ఒక్క చూపు దించేసేది. పాస్టరు అయ్యగారు పేర్లు చదవబోతుండగా రోసమ్మ లేచి నిలబడింది.

"ఉజ్జీవ కూటాలల్ల మీరు ఏమంటరు అయ్యగారూ? అందరు కండ్లు మూసుకోండ్రి, దేవునికి లోబడేటోళ్లు చెయ్యెత్తుండ్రి అంటరు. ఎవరెత్తిన్రో పక్కోళ్లకు తెల్వది. ఇయ్యాల సుత గట్లనే చెయ్యుండ్రి."

ఇదెక్కడి పద్ధతని యేసురాజు గొణిగాడు. గట్టిగా కాదనలేకపోయాడు. ఆ కూటాలు జరిపించేది ఆయనే.

అందరూ కళ్లు మూసుకున్నారు. ముందు యేసురాజు పేరు, తర్వాత రోసమ్మ పేరు. రెప్పల వెనక చీకట్లో ఆమెకు ఫ్యాన్ల చప్పుడే వినిపించింది. అంతలో ఎడమవైపు గంజి చీర ఒకటి గరగరమంది. గాజులు మోచేతుల వైపు జారాయి, ఒకచోట, ఇంకోచోట, రేకుల మీద వాన మొదలైనట్టు. కుడివైపూ ఒక బెంచీ కిర్రుమంది. ఆ మనిషెవరో ఆమె కళ్లు తెరిచి చూడలేదు.

అయ్యగారు చేతులు లెక్కపెట్టి, గెలిచిన పేరుగా రోసమ్మ పేరు చదివారు.

గెలిచింది కుర్చీ ఒక్కటే, షెడ్డు ఇంకా గెలవాలి. మొదటి సమావేశంలో కార్లు నిలిపే చోటు గీసిన నక్షా బల్ల మీద పరిచి ఉంది. ఇక మీటింగులకు చాయ్ తక్లీఫ్ ఉండదని కార్యదర్శి నవ్వాడు. రోసమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"చాయ్ మీరు తెప్పియ్యుండ్రి సార్. నేను వేరే పని మీద వచ్చిన. రేపు ఎవరింట్లనన్న సావైతే, షెడ్డు లేదు, అన్నం రాదని ఆ ఇంటికి పోయి చెప్పాలె. మీలో ఎవరు పోతరు?"

ఆమె ఒక్కొక్కరి ముఖంలోకీ చూసింది. తల్లి పోయిన వాళ్లు, తమ్ముడు పోయిన వాళ్లు, అందరూ ఆ ముద్ద తిన్నవాళ్లే. కార్యదర్శి నక్షా చుట్టి బల్ల కింద పెట్టాడు.