తోడల్లుడి చేపల బుట్ట

ఆ రోజుల్లో అసూయకు పెద్దగా ఖర్చు ఉండేది కాదు. ఇప్పుడు కుళ్ళుకోవాలంటే ఎదుటివాడి మేడ చూడాలి, కారు చూడాలి. అప్పట్లో ఒక వెదురుబుట్ట, అందులో నాలుగు చేపలు కనబడితే చాలు, నాలాంటివాడికి ఏడాదికి సరిపడా కడుపుమంట దొరికేది. (ఆ మంటకు మాత్రలు మింగే వయసొచ్చాక చెబుతున్నాను కాబట్టి నా మాట నమ్మవచ్చు.) తొంభైల చివరి సంగతి. మాది హిందూపురం. పెనుకొండలో కొత్తగా ఉద్యోగం, రొద్దం దగ్గర ఒక పల్లెలో కొత్తగా పెళ్ళి. మొదటి ఉగాదికి కొత్తల్లుడి హోదాలో, ఇస్త్రీ నలగకుండా బస్సులో నిలబడే వెళ్ళాను. అందరి కళ్ళూ నామీదే ఉంటాయనుకున్నాను. ఆ ఇంటికి నాకంటే ముందు ఇంకో అల్లుడు ఉన్నాడని పెళ్ళినాడే తెలుసుగానీ, ఆ సంగతి బరువెంతో ఆ పండక్కి గాని తెలియలేదు.

మా తోడల్లుడిది ధర్మవరం, పట్టుచీరల వ్యాపారం. దారినపోయే మనిషిని చాపమీద కూర్చోబెట్టి, మజ్జిగ తాగించి, అవసరంలేని చీర కొనిపించి పంపే నోరు ఆయనది. వరసకు నేను ‘అన్నా’ అని పిలవాలి, పిలిచేవాణ్ణి, పళ్ళ సందుల్లోంచి. ఆయన గడపలో అడుగుపెడితే మా అత్త ముఖం వెలిగిపోయేది, పిల్లలు భుజాలెక్కేవాళ్ళు, కుక్క కూడా లేచి వచ్చేది. నాకు కాఫీ ఇచ్చి “చక్కెర చాలునా?” అని అడిగేవాళ్ళు. ఆయన్ని అడిగేవాళ్ళు కాదు, అడక్కుండానే ఒక చెంచా ఎక్కువ వేసేవాళ్ళు. (అడగడం పరాయివాళ్ళకు చేసే మర్యాద అని నాకు ఆ కాఫీతోనే అర్థమైంది.)

మా వైపు ఉగాది మరునాటిని వర్షతొడకు అంటారు. పండగనాడు ఓళిగలు, అంటే బొబ్బట్లు, మరునాడు మాంసం. ఆ రోజు ఏం చేస్తే సంవత్సరమంతా అదే చేస్తామని నమ్మకం. అందుకే ఆ రోజు ఎవరూ ఏడవరు, పోట్లాడరు, పిల్లలు ఎంత అల్లరి చేసినా వీపు మీద దెబ్బ పడదు. మా అత్తగారింట్లో ఇంకో ఆచారం కూడా ఉంది. ఆ పొద్దున అల్లుళ్ళు ఊరిబయటి కుంటకు పోయి, గాలం వేసి చేపలు పట్టుకురావాలి. ఎండలు మొదలై నీళ్ళు తగ్గి, అరచేతంత జిలేబి చేపలు గట్టు దాకా వచ్చే కాలం అది. మా ఆవిడ వాళ్ళ అవ్వ ముందురోజే నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది. “ఉత్తచేతుల్తో వచ్చినోడికి ఏడాదంతా ఉత్తచేతులే నాయనా. మా ఇంటాయన ఒక తూరి అట్లే వచ్చినాడు. ఆ యేడు బాయిలో నీళ్ళు గూడా ఎండిపాయ.” మా ఆవిడ పొద్దున గాలం చేతికిస్తూ ఇంకా సూటిగా చెప్పింది. “ఒక్కటన్నా పట్టుకోనిరా. మా అక్క ముందర నా పరువు తీయద్దు నువ్వు.” (కొత్త పెళ్ళాం ‘మీరు’ అంటుందని ఎదురుచూశాను. రెండోవారానికే ‘నువ్వు’ అయిపోయింది.)

కుంట దగ్గర పొద్దుటిపూట ఎంత బాగుండిందో ఇప్పుడు గుర్తు చేసుకుంటే తెలుస్తుంది. నీళ్ళమీద సన్నగా గాలి, గట్టున చిగురేసిన కానుగచెట్లు, గాలానికి కట్టిన జొన్నదంటు బెండు తేలుతూ చిన్నగా ఊగడం. అప్పుడు మాత్రం నాకు పక్కనున్న బుట్ట తప్ప ఏదీ కనబడలేదు. గాలం దగ్గర నోరు విప్పితే చేప రాదని మా నాయన చిన్నప్పుడు నేర్పించాడు. నేను ఊపిరి కూడా చూసి చూసి తీస్తూ కూర్చున్నాను. మా తోడల్లుడు అంగట్లో కూర్చున్నట్టే కూర్చుని, ఒక చేత్తో ఓళిగ తింటూ, దాని అంచు తుంచి గాలానికి గుచ్చి, చేపలతో బేరం మొదలుపెట్టాడు. “రామ్మా, రా తల్లీ. కొనకపోయినా ఫరవాలేదు, ఊరికే చూసిపో.” బెండు మునిగింది. లాగాడు. తళతళమంటూ జిలేబి! “బోణీ నీదేనమ్మా” అని బుట్టలో వేశాడు. ఆ తర్వాత ఆ చేప తన చుట్టపక్కాలందరినీ పిలిచినట్టు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. నా బెండు మీద ఒక తూనీగ వచ్చి వాలింది. అదీ కాసేపుండి ఆయన వైపే వెళ్ళింది.

తప్పు నాది కాదు, జాగాది అని తేల్చుకున్నాను. “అన్నా, నీ జాగా రవంత నాకిస్తావా?” అన్నాను. “దానికేమప్పా, రా రా!” అని లేచి నా చోటుకు పోయాడు. చేపలు కూడా ఆయనతోనే పోయాయి. తర్వాత తప్పు గాలం కర్రది అనిపించింది. మార్చుకున్నాం. కర్ర నా దగ్గరికి వచ్చింది, చేపలు రాలేదు. చివరికి నేను ఎరగా తెచ్చుకున్న సంగటిముద్ద ఆయనకిచ్చి, ఆయన ఓళిగ నేను తీసుకున్నాను. ఆ కుంటలో చేపలకు సరిగ్గా అప్పుడే సంగటి మీదికి మనసు పోయింది! ఆయన చెడ్డవాడైనా బాగుండేది, తిట్టుకోవడానికి ఒక ఆధారం ఉండేది. “ఇందప్పా, సగం నీ సంచిలో వేసుకో. ఎవురికి తెలుస్తాది?” అని బుట్ట నావైపు జరిపాడు. ఆ మాటకు నా ఒళ్ళు మరింత మండింది. “వద్దులే అన్నా, నాకూ పడతాయి” అన్నాను.

ఎండెక్కింది. ఆయన బుట్ట మూతికి తడితువ్వాలు కట్టి, గట్టుకింద నీళ్ళంచున పెట్టి, అది జారిపోకుండా దానిమీద కాలు ఆనించి, కానుగనీడలో నిద్రపోయాడు. గురక కూడా నిశ్చింతగా పెట్టాడు. నేను బెండువైపు చూస్తూ అవ్వ చెప్పిన ఎండిన బావిని తలుచుకుంటున్నాను. ఉన్నట్టుండి బెండు ఒకసారి తలాడించి, బుడుక్కున మునిగింది. ఆ ఒక్క క్షణం నాకు తోడల్లుడు లేడు, అత్తగారిల్లు లేదు. వేళ్ళలో ఆ చిన్న గుంజుడు తప్ప ప్రపంచంలో ఇంకేమీ లేదు. లాగితే వేలంత చేప, వేలంతే! దాన్ని పట్టుకుని మొట్టమొదట చేసిన పని, ఆయన చూశాడా అని వెనక్కి తిరగడం. ఆయన గురక పెడుతున్నాడు. సాక్షి లేని చేప ఉంటే ఎంత, లేకుంటే ఎంత? “అన్నా! అన్నా! లేయి అన్నా!” అని కేక పెట్టాను. “యాడ, యాడ పాము?” అంటూ ఆయన ఎగిరి లేచాడు. ఆ కాలి తాపుకు బుట్ట నీళ్ళలోకి దొర్లింది, తువ్వాలు ఊడింది. పొద్దుటినుంచి వచ్చినవాళ్ళందరూ వచ్చినదారినే వెళ్ళిపోయారు.

 ఆయన నీళ్ళవైపు కాసేపు చూసి, నడుం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. “పోనీలేప్పా. గిరాకీలు గదా, మళ్ళా వస్తారు” అన్నాడు. నాకు బాధ కలిగింది నిజమే. కానీ ఆ బాధ అడుగున ఒక సంతోషం మెల్లగా తోక ఆడించింది. ఇప్పుడు ఇద్దరిలో చేప ఉన్నవాణ్ణి నేనే! ఊళ్ళోకి వస్తున్నంతసేపూ సంచి ముందుకు పట్టుకునే నడిచాను.

ఆ సంతోషం వాకిలి దాకానే. ఆయన లోపలికి అడుగుపెడుతూనే, “అవ్వా, నేను ఉత్తచేతుల్తోనే వచ్చినా. పట్టింది తమ్ముడే” అని చాటి, పోయిన చేపల కథ అందుకున్నాడు. చెప్పేకొద్దీ అవి పెరిగాయి. కాఫీ తాగేసరికి ఒక్కొక్కటి మూరెడైంది. ఇల్లంతా ఆయన చుట్టూ చేరి పొట్టలు పట్టుకుని నవ్వుతోంది. అవ్వ కూడా “నీకి ఉత్తచేతులేంది నాయనా, ఇంత నవ్వు తెచ్చినావు” అనేసింది. నా అసలు చేప తట్టలో పడుకుని తోక ఎండబెట్టుకుంటోంది. దాన్ని చూసింది పిల్లి ఒక్కటే. మా ఆవిడ నా పక్కన కూర్చుని మెల్లగా అడిగింది. “ఏమి, అట్లుండావు?” నేను ఆగలేకపోయాను. “ఆయప్పకు చేపలు పడినా పేరే, పోయినా పేరే!” అన్నాను. ఆమె నావైపు జాలిగా చూసింది. “ఈ పొద్దు ఏం చేస్తే ఏడాదంతా అదేనంట. పొద్దన్నుంచి నువ్వు ఆయప్ప బుట్టలోకి తప్ప యాడన్నా చూసినావా?”

నమ్మకాలు ఊరికే పుట్టవు. ఆ ఏడాదంతా నేను అదే పని చేశాను. ఆయన కొత్త స్కూటరు, ఆయన అంగడి, ఆయన జుట్టు (నాది అప్పటికే వెనక్కి జరుగుతోంది), ఏదీ వదల్లేదు. మరుసటి ఉగాదికీ కుంటకు వెళ్ళాం, ఆ పై ఉగాదికీ వెళ్ళాం. చాలా ఏళ్ళ తర్వాత, అందరి చేతికీ సెల్‌ఫోన్లు వచ్చాక, ఒక ఏడు మోకాలినొప్పితో ఆయన ధర్మవరంలోనే ఉండిపోయాడు. నేనొక్కణ్ణే కుంటకు పోయాను. ఆ రోజు చేపలు ఎగబడి వచ్చాయి, బుట్ట నిండింది. నిండిన బుట్ట పక్కన పెట్టుకుని, చూసేవాళ్ళు లేక, చూడ్డానికి ఇంకో బుట్ట లేక, ఏం చేయాలో తోచక ఆయనకు ఫోన్ చేశాను.

“ఏమప్పా, పడినాయా?” అన్నాడు. “బుట్ట నిండిందన్నా” అన్నాను.  అంత నోరున్న మనిషి మాట వెతుక్కుంటున్నాడు. తర్వాత పొడిగా, “ఆఁ... చిన్నవై ఉంటాయిలే” అన్నాడు.

ఆ గొంతు నాకు తెలుసు. ఎన్నో ఏళ్ళు నా గొంతులోనే కాపురముంది. గట్టుమీద ఒక్కణ్ణే కూర్చుని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాను. “చిన్నవేలే అన్నా” అని చెప్పాను. అన్నీ అరచేతంత ఉన్నాయి.